పదవి వీడిన నేతల ప్రజాస్వామ్య వేదిక

ఎన్నికలలో గెలిచి అధికారం చేపట్టడం ఒక ఎత్తు. గడువు తీరిన నాడు దానిని శాంతియుతంగా అప్పగించడం మరొక ఎత్తు. ఈ రెండు అనుభవాలూ గల నాయకుల సంస్థ ‘క్లబ్ ద మాడ్రిడ్’. ప్రజాస్వామ్య పరివర్తనపై 2001 అక్టోబరులో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో జరిగిన మహాసభ నుండి ఇది ఆవిర్భవించింది. ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నికైన మాజీ అధ్యక్షులు, మాజీ ప్రధానులు ఇందులో సభ్యులు. మన మాజీ ప్రధాని ఇందర్ కుమార్ గుజ్రాల్ కూడా సభ్యులుగా ఉండేవారు.

ఈ సంస్థకు మాడ్రిడ్ తగిన నెలవు. ఫ్రాంకో 1975లో మరణించేవరకు స్పెయిన్ నియంతృత్వంలో మగ్గింది. 1978లో ప్రజలు కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించారు. 1981 ఫిబ్రవరి 23న, ప్రధాని స్వారెజ్ రాజీనామా అనంతరం ఆయన వారసుని ఎన్నుకొనే వేళ, సాయుధులు పార్లమెంటులో చొరబడి సభ్యులను నిర్బంధించారు. కుట్ర మరునాటికి విఫలమైంది; 25న కొత్త ప్రధాని ఎన్నిక పూర్తయింది.

సభ్యులు ఏటా సమావేశమై, ప్రజాస్వామ్యానికి ఎదురవుతున్న సమస్యలను చర్చించి ప్రభుత్వాలకు సూచనలు చేస్తారు. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా మరణించారు. సరిగా ఏడాదికి అక్కడే ఈ సంస్థ జరిపిన సదస్సు, ఉగ్రవాదాన్ని చట్టబద్ధంగా, ప్రజాస్వామ్య మార్గంలోనే ఎదుర్కోవాలని ఉద్బోధించింది.

వీరి మాటకు శాసనబలం లేదు. అయినా పదవిని వీడి వచ్చినవారు గనుక, అధికారం ప్రజలు అప్పగించిన నిక్షేపమేనని చెప్పే అర్హత వీరికున్నది.