దాచవద్దు, దండించవద్దు
(వ్యసనమున్న క్యాన్సర్ రోగికి సేవ చేయుట గూర్చి ఒక పాఠము)



బీదర్ జిల్లా ఔరాద్ తాలూకాకు ఒక ప్రక్క మహారాష్ట్ర, మరొక ప్రక్క తెలంగాణ. అక్కడి నుండి కూలికీ నౌకరికీ హైదరాబాదు చేరిన మనవారికి, ఊరిలో ఎవరికి పెద్ద జబ్బు చేసినా కబురు వస్తుంది. క్యాన్సర్ అని తేలితే కొందరు కలబురగిలోని కిద్వాయి కేంద్రానికి వెళ్తారు, కొందరు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి వస్తారు. వచ్చినవారు మన ఇంటనే దిగుతారు.

అలా ఒక పెద్దనాన్న వచ్చారనుకొందాము. దవడ లోపల పుండు. ముప్పై ఏండ్లుగా తంబాకు, సాయంత్రమైతే కల్లో సారాయో ఉండవలసిందే. డాక్టరు గారు, "తాగుడు ఉందా?" అని అడిగారు. ప్రక్కనున్న కొడుకు, "లేదండీ, ఎప్పుడైనా పండుగకు" అన్నాడు. సంఘములో పరువు పోతుందని అతని భయము. ఈ ఒక్క మాట వలన ఎంత కీడు కలుగునో ఈ పాఠములో చూద్దాము.

1. దాచిన త్రాగుడు

రోజూ ఎక్కువగా త్రాగేవారికి ఒక్కసారిగా మానిపిస్తే మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. రెండు రోజుల లోపల మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పి లేనివి కనబడతాయి. ఇది ప్రాణాపాయము. ఆపరేషన్ కొరకు వార్డులో చేర్చిన మూడవ రోజున ఇలా జరిగితే, అలవాటు సంగతి తెలియని డాక్టరు దేనికని వైద్యము చేయాలి? ముందే తెలిస్తే తగిన మందులు, విటమిన్ బి1 ఇచ్చి కాపాడగలరు.

కల్లు సంగతి మరింత జాగ్రత్తగా చెప్పాలి. కల్తీ కల్లులో డయాజిపామ్, ఆల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీపై దాడులు జరిగి ఆ కల్లు దొరకనప్పుడు, అలవాటుపడినవారు అనేకులు పిచ్చిగా ప్రవర్తిస్తూ, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. కావున, "కల్లే కదా" అని తీసివేయవద్దు. ఏమి త్రాగుతారు, ఎంత, చివరిసారి ఎప్పుడు: ఈ మూడూ చెప్పాలి. ఇంట్లో మీరే సీసా లాగి పారవేసి మానిపించవద్దు. డాక్టరు పర్యవేక్షణలోనే మానిపించాలి.

2. "ఇక మానేసి లాభమేమి?"

చాలామంది ఇలా అంటారు. లాభమున్నది. బీడీ, గుట్కా, ఖైనీ మానినవారికి ఆపరేషన్ గాయము బాగా మానుతుంది. రేడియేషన్, అనగా మనవాళ్ళు "కరెంటు" అనేది, మరింత బాగా పనిచేస్తుంది. నోటి పుండ్ల బాధ తగ్గుతుంది. మరొక క్యాన్సర్ వచ్చే అవకాశము కూడా తగ్గుతుంది. పొగాకు మానుటకు 1800-11-2356, మద్యము మత్తుమందుల విషయమై 14446, మనోవేదనకు 14416 నంబర్లకు ఉచితముగా ఫోను చేయవచ్చు.

3. త్రాగుబోతు నొప్పి కూడా నొప్పే

క్యాన్సర్ నొప్పి ముదిరితే మార్ఫిన్ ఇస్తారు. 1985 నాటి మత్తుపదార్థాల చట్టము వలన ఈ మందు దొరకడం కష్టమైంది. 2014లో ఆ చట్టమును సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు మార్గము సులువు చేశారు. అయితే ఇంట్లో మరొక అడ్డు ఉన్నది: "ఇతనికి ఇప్పటికే ఒక వ్యసనము, మార్ఫిన్ ఇస్తే మరొకటి" అని. మందు త్వరగా అయిపోయిందని అడిగిన ప్రతివాడూ మత్తు కొరకే అడగడం లేదు. ఇచ్చిన మోతాదు చాలక కూడా అడుగుతాడు. ఏది నిజమో డాక్టరు తేల్చాలి గాని, మనము విసుగుతో తీర్పు చెప్పరాదు.

అపాయము లేదని కాదు. మార్ఫిన్‌తో పాటు మద్యము గాని నిద్రమాత్రలు గాని చేరితే శ్వాస మందగించి ప్రాణము పోవచ్చు. అందుచేత ఈ క్రమము పాటించాలి:

— మార్ఫిన్ ఒకే డాక్టరు వ్రాయాలి. వారం వారం కొద్దికొద్దిగా తెచ్చుకోవాలి.
— మాత్రలు తాళము వేసిన పెట్టెలో ఉంచాలి. ఇంట్లో ఒక్కరే లెక్కపెట్టి, వేళకు ఇచ్చి, నోటు పుస్తకములో వ్రాయాలి.
— మలబద్ధకము తప్పక వస్తుంది. దానికి కూడా మందు అడగాలి.
— పిలిచినా లేవకుండా మగత ఉన్నా, శ్వాస నెమ్మదించినా వెంటనే ఆసుపత్రికి తీసుకొని పోవాలి.
— మీ అంతట మీరే ఒక్కసారిగా ఆపవద్దు. మిగిలిన మాత్రలు ఆసుపత్రికి తిరిగి ఇవ్వాలి.

4. సేవ చేసేవారి మనస్సు

ఇల్లు గుల్ల చేసిన మనిషి మంచము పట్టినప్పుడు, "చేసుకున్నదే అనుభవిస్తున్నాడు" అను మాట భార్య నోట వస్తే ఆశ్చర్యము లేదు. ఆమెను గద్దించవద్దు. ఒక రాత్రి మీరు కాపలా కూర్చుండి ఆమెను నిద్రపోనివ్వండి. రోగి మరల ఒకసారి త్రాగితే అది దాచవలసిన సిగ్గు కాదు, మరునాడే డాక్టరుకు చెప్పవలసిన సంగతి. చెప్పితే వైద్యము సరిచేస్తారు. దాచితే తరువాతి మోతాదే అపాయమవుతుంది.

ఊరి నుండి బయలుదేరే ముందు, రోగి యొక్క ఆరోగ్య కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో అడిగి తెలుసుకొనండి. కర్ణాటక కార్డుతో హైదరాబాదు చేరి, వట్టి చేతులతో గేటు దగ్గర నిలబడే పరిస్థితి రానీయవద్దు.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఒకరు తన త్రాగుడు సంగతి భయము లేకుండా చెప్పుకొనగలరా? లేనియెడల ఆ భయము ఎవరి వలన?
2. మీ ఇంట ఉన్న రోగి మాత్రలు ఎవరు లెక్కపెడుతున్నారు?
3. ఈ వారము ఏ ఇంటి మనిషికి ఒక రాత్రి విశ్రాంతి ఇవ్వగలము?

పెద్దనాన్న కొడుకు మరునాడు డాక్టరు గారి గదికి తిరిగి వెళ్ళి, "నిన్న నేను నిజము చెప్పలేదండీ" అన్నాడనుకొందాము. వైద్యము సరిగా మొదలయ్యేది అప్పుడే. ఆ మాట అనుటకు అతనికి ధైర్యమియ్యడమే మన వంతు.