చిలికా సరస్సులో డాల్ఫిన్ల దర్శనం – ఒక అధ్యయనం

ఓరుగల్లు సీమ చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులను చూచిన విద్యార్థులు మన కళాశాలలో అనేకులు ఉన్నారు. సముద్రపు నీటిని చేతితో తాకినవారు మాత్రం బహు తక్కువ. ఈ లోటును కొంతవరకైనా తీర్చవలెనన్న తలంపుతో గడచిన శీతాకాలంలో తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులను కొందరిని వెంటబెట్టుకొని ఒడిశా రాష్ట్రంలోని చిలికా సరస్సుకు అధ్యయన యాత్ర జరిపినాము. అక్కడ పడవ మీద వెళ్ళి డాల్ఫిన్లను చూచి వచ్చినాము. ఆ యాత్రకు ముందు చదువుకొన్నదీ, యాత్రలో కన్నదీ, మేము చేసిన ఒక పొరపాటునూ విద్యార్థి లోకం ముందుంచడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

పేర్ల విచారణ

బయలుదేరుటకు ముందు తరగతిలో ఒక చిన్న చర్చ పెట్టినాము. డాల్ఫిన్‌కు మన భాషలలో ఏమి పేరున్నది? ఉర్దూ శాఖ విద్యార్థి ఒకడు వెంటనే "సూస్" అన్నాడు. గంగానదిలో నివసించే డాల్ఫిన్‌కు ఉత్తరాదిన వ్యవహారంలో ఉన్న పేరు అది. బాబరు చక్రవర్తి తన ఆత్మకథలో హిందూస్తాన్ జంతువులను వర్ణిస్తూ ఈ ప్రాణిని "ఖూక్ ఆబీ", అనగా నీటిపంది, అని పేర్కొన్నాడు. సంస్కృతంలో శిశుమారమనే మాట ఉన్నది. పెద్దదైన తిమింగలానికి పేరు మనకు సంస్కృతం నుండే వచ్చినది. తిమి అనగా మహా మత్స్యం. దానిని సైతం మ్రింగునది తిమింగలం.

మరొక విద్యార్థి, యూనుస్ ప్రవక్తను మ్రింగినది తిమింగలమేనా అని అడిగినాడు. పవిత్ర ఖురాన్‌లో ఉన్న మాట "హూత్", అనగా పెద్ద చేప. ప్రాచీనులు నీటిలో తిరిగే మహా ప్రాణులన్నిటినీ చేపలుగానే వ్యవహరించినారు. ఉర్దూలో నేటికీ "వేల్ మఛ్లీ" అనే అంటారు. అది వ్యవహారానికి చెల్లుతుంది. అయితే శాస్త్ర దృష్టిలో తిమింగలాలు, డాల్ఫిన్లు చేపలు కావు. అవి మనవలెనే క్షీరదాలు. వాటిది వెచ్చని రక్తం. అవి పిల్లలను కని పాలిచ్చి పెంచుతవి. మొప్పలు లేవు, ఊపిరితిత్తులతో గాలి పీలుస్తవి. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఆడుతుంది. డాల్ఫిన్ తోక అడ్డముగా ఉండి పైకి క్రిందికి ఆడుతుంది. ఈ ఒక్క గుర్తుతో ఎవరైనను రెండింటినీ వేరు చేయవచ్చును.

విశాఖ రేవు నుండి లండన్ దాక

చిలికాలో నివసించే డాల్ఫిన్‌ను ఇరావతి డాల్ఫిన్ అంటారు. బర్మాలోని ఇరావతి నదిలో ప్రసిద్ధి పొందినందున ఆ పేరు నిలిచినది. కాని శాస్త్ర లోకానికి అది మొట్టమొదట తెలిసినది మన తెలుగు తీరం నుండియే. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన ఒక కళేబరాన్ని ఆధారం చేసుకొని, లండన్‌లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1866లో దానిని వర్ణించి, పొట్టి మూతి గలది అను అర్థంలో "బ్రెవిరోస్ట్రిస్" అని నామకరణం చేసినాడు. "డైనోసార్" అనే మాటను సృష్టించినవాడు కూడ ఈ ఓవెనే.

ఆ సముద్ర జంతువులను సేకరించి పంపినవాడు సర్ వాల్టర్ ఎలియట్. ఉత్తర సర్కారులలో ఉన్నతోద్యోగిగా ఉన్న ఎలియట్ పేరు తెలుగువారికి వేరొక విధంగా సుపరిచితం. 1845లో అమరావతి స్తూపం వద్ద త్రవ్వకాలు జరిపించినవాడు ఇతడే. తెలుగు జిల్లాల మొక్కల పేర్లను సేకరించి 1859లో "ఫ్లోరా ఆంధ్రికా" అను గ్రంథం వెలువరించినవాడూ ఇతడే. ఎలియట్ పంపిన వాటిని పరిశీలించి ఓవెన్ వర్ణించిన జంతువులలో మరుగుజ్జు స్పెర్మ్ తిమింగలం కూడ ఒకటి. అది కూడ విశాఖ తీరానిదే. ఇంకొక డాల్ఫిన్‌కు ఓవెన్ "డెల్ఫినస్ గడము" అని పేరు పెట్టినాడు. ఈ "గడము" అన్నది విశాఖ జాలరుల నోటి మాట. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ జంతువును వేరే జాతిలో చేర్చినందున ఆ పేరు ఇప్పుడు వాడుకలో లేదు. అయినను చదువు సంధ్యలు లేని జాలరి పలికిన తెలుగు పలుకు ఒకటి లాటిన్ నామావళికి ఎక్కినదన్న సంగతి మన భాషాధ్యయనపరులు మరువరానిది. తెలుగులో ఎం.ఏ. చదివిన మాకే ఆ మాట ఈ యాత్రకు సిద్ధమగునంతవరకు తెలియదని ఒప్పుకొనవలసి యున్నది.

చిలికా పరిచయం

వరంగల్లులో రైలెక్కి విజయవాడ, విశాఖపట్నం, బరంపురం మీదుగా ఖుర్దారోడ్డు చేరి, అక్కడ నుండి పూరీకి వెళ్ళినాము. బరంపురం దాటిన తరువాత రైలు చిలికా పడమటి గట్టు వెంబడి సాగుతుంది. డాల్ఫిన్లు ఎక్కువగా తిరిగే చోటు దానికి ఎదుటి వైపున, సముద్ర ముఖానికి దగ్గరగా ఉన్న సాతపాడ గ్రామం. పూరీ నుండి అది సుమారు 50 కిలోమీటర్లు.

చిలికా మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో అన్నిటికంటె పెద్దది. రెండవది మన పులికాట్. నదులు తెచ్చే మంచినీరు, సముద్రం నుండి వచ్చే ఉప్పునీరు కలిసే చోటు కనుక చేపలు, రొయ్యలు, పీతలు సమృద్ధిగా పెరుగుతవి. శీతాకాలంలో దూరదేశాల పక్షులు లక్షల సంఖ్యలో దిగుతవి. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా 1981లో చిలికాకు రామ్‌సర్ జాబితాలో స్థానం లభించినది. తరువాత సముద్ర ముఖం ఇసుకతో పూడుకొనిపోయి, ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, మత్స్య సంపద క్షీణించినది. 1993లో ప్రమాదంలో ఉన్న సరస్సుల పట్టికకు అది ఎక్కినది. 2000 సెప్టెంబరులో కొత్తగా సముద్ర ముఖం త్రవ్వించిన పిమ్మట సరస్సు కోలుకొన్నది. 2002లో ఆ పట్టిక నుండి చిలికాను తొలగించినారు. చెరువు పూడిక తీయకుంటే ఊరికి ఏమి జరుగునో ఎరిగిన కాకతీయ సీమ విద్యార్థులకు ఈ పాఠం సులభంగానే బోధపడినది.

ఇరావతి డాల్ఫిన్లు ఈ సరస్సులో ఇటీవలి గణనల ప్రకారం సుమారు 150 మాత్రమే ఉన్నవి. ప్రపంచమంతటా అంతరించిపోవు ప్రమాదం గల జాతిగా వీటిని గుర్తించినారు. మన వన్యప్రాణి రక్షణ చట్టం (1972) వీటికి అత్యున్నత రక్షణ కల్పించినది. అయినను చేపల వలలలో చిక్కి ఊపిరాడక చనిపోవడం, ఇంజను పడవల రెక్కలు తగిలి గాయపడడం నేటికీ ఉన్నవి.

పడవ మీద

ఉదయం ఎండ ఎక్కకముందే సాతపాడ రేవులో ఇంజను పడవ ఎక్కినాము. పడవ నడిపే పెద్దాయన ఒడియావాడు. పూరీలోని తెలుగు జాలరులతో చాలాకాలం కలిసి పనిచేసినందున తెలుగు బాగుగానే మాట్లాడినాడు. అరగంట ప్రయాణించిన పిదప దూరంగా నీటి మీద బూడిద రంగు వీపు ఒకటి తళుక్కుమని మునిగినది. అంతే, చుట్టుపక్కల ఉన్న నాలుగైదు పడవలు ఒక్కసారిగా అటు దూకినవి. మా విద్యార్థులు లేచి నిలబడి కేకలు వేసినారు. ఒకరిద్దరు, ఇంకా దగ్గరకు పోనిస్తే అదనంగా డబ్బు ఇచ్చెదమని పెద్దాయనను తొందర పెట్టినారు. వారిని వారించవలసిన మేము కూడ వారించలేదు. మా కళ్ళు కూడ ఆ వీపు మీదనే ఉన్నవి. పడవ వేగం పెరిగినది. డాల్ఫిన్ మాత్రం మరి పైకి రాలేదు.

పెద్దాయన కొంతదూరం పోనిచ్చి, తనంతట తానే ఇంజను ఆపివేసినాడు. "బాబూ, దానికి కూడ ఊపిరి కావాలి కదా! మనమంతా మీద నిలబడితే అది ఎక్కడ పీలుస్తుంది?" అన్నాడు. డబ్బు ఇస్తామన్న విద్యార్థులు తల వంచుకొన్నారు. తరగతిలో ఊపిరితిత్తుల గురించి పాఠం చెప్పి వచ్చిన మాకు అంతకంటె ఎక్కువ సిగ్గు కలిగినది.

మిగిలిన పడవలు వెళ్ళిపోయినవి. మేము మాటలు కట్టిపెట్టి కూర్చున్నాము. పావుగంట గడచినది, ఏమియు లేదు. మరికొంత సేపటికి వెనుకవైపు "ఫూ" మని ఒక నిట్టూర్పు వంటి శబ్దం వినవచ్చినది. తిరిగి చూచునంతలో ముక్కు లేని గుండ్రటి తల ఒకటి లేచి మునిగినది. దాని ప్రక్కనే మరొక చిన్న తల. తల్లీ పిల్లా! పిల్ల తల్లి కంటె తరచుగా పైకి వచ్చి గాలి పీల్చుకొంటున్నది. అవి మా పడవను లెక్క చేయక తమ దారిన తాము కొంతసేపు అక్కడనే తిరిగినవి. పడవలో ఒక్కరు కూడ నోరు విప్పలేదు.

చూచుట ఎట్లు?

ఈ అనుభవం నుండి విద్యార్థులు గ్రహించవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. ఇరావతి డాల్ఫిన్ చిత్రాలలో చూచే డాల్ఫిన్ వలె ఎత్తుకు ఎగిరి విన్యాసాలు చేసేది కాదు. బిడియం గల ప్రాణి. నీటిపై కనిపించేది క్షణకాలం. కనుక దానిని కంటితో వెదకుట కంటె ముందు చెవితో వినుట నేర్చుకొనవలెను. నీటి మీద పక్షులు గుమిగూడిన చోట చేపల గుంపు ఉండును. చేపలున్న చోటికి డాల్ఫిన్ రావచ్చును.

చిలికా నీరు మసకగా ఉంటుంది. ఆ నీటిలో డాల్ఫిన్‌కు కన్ను చేసే మేలు స్వల్పం. అది సన్నని శబ్దాలు చేసి, వాటి ప్రతిధ్వనిని బట్టి చేప ఎక్కడ ఉన్నదో, వల ఎక్కడ ఉన్నదో తెలుసుకొంటుంది. ఇంజను రొద ఆ ప్రతిధ్వనిని కప్పివేస్తుంది. గ్రుడ్డివాని చేతికర్రను లాగివేయడం ఎట్టిదో ఇదియు అట్టిదే. కనుక దూరంగా ఆగవలెను. ఇంజను ఆపవలెను. ఎదురుగా గాని, తల్లీపిల్లల నడుమకు గాని పడవ పోనీయరాదు. పడవవారిని డబ్బుతో తొందర పెట్టరాదు. ఆ తొందర వారిది కాదు, మనది. డాల్ఫిన్లు ఉన్నంతకాలమే తమ జీవనం సాగునని వారు మనకంటె బాగుగా ఎరుగుదురు.

బర్మాలో ఇదే జాతి డాల్ఫిన్లు చేపలను జాలరుల వలల వైపు తోలి వారికి సాయపడుతవి. ప్రతిఫలంగా తప్పించుకొన్న చేపలు వాటికి ఆహారమగును. మనిషికీ ఈ ప్రాణికీ పొత్తు సాధ్యమేనని దీని వలన తెలుస్తున్నది.

ముగింపు

మన ఓరుగల్లు నేలిన గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున అభయ శాసనం వేయించినాడు. అంతకు ముందు తుఫానుకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరుకును రాజులు లాగుకొనెడివారు. సుంకం తప్ప మరేమియు తీసికొనమని, సముద్రం మీద వచ్చువారికి భయము లేదని ఆయన మాట ఇచ్చినాడు. సముద్రం లేని ఊరి నుండి సముద్రానికి వెళ్ళిన మాట అది.

1852లో విశాఖ రేవున దొరికిన డాల్ఫిన్‌ను లోకం కళేబరంగా చూచి పేరు పెట్టినది. దానిని ప్రాణంతో, పిల్లతో సహా చూచే భాగ్యం మనకు కలిగినది. ఈ భాగ్యం రాబోవు విద్యార్థులకు కూడ దక్కవలెనన్న, మన పడవ చేరిన చోట ఆ ప్రాణి నిర్భయంగా ఊపిరి పీల్చగలగవలెను. చిలికాకు వెళ్ళదలచిన విద్యార్థులకు మేము చెప్పదలచినది ఇంతే. మొదట ఇంజను ఆపించండి, ఆపైన వేచి ఉండండి.