చదరంగమున దూరపు ఆటకట్టు

పెంటేల హరికృష్ణ 1986లోను, ద్రోణవల్లి హారిక 1991లోను మన గుంటూరుననే జన్మించిరి. ఆయన 2001లోను, ఆమె 2011లోను గ్రాండుమాస్టరు బిరుదమును పొందిరి. కావున ఈ ప్రాంతపు బాలబాలికలకు చదరంగమనిన మక్కువ కలుగుట వింతగాదు. ఇటీవల ఒక విద్యార్థి మాయొద్దకు ఒక సమస్యను తెచ్చి, "అయ్యా, తెల్లపావులకు ఏడెత్తులలో ఆటకట్టు కలదని పుస్తకము చెప్పుచున్నది. కంప్యూటరు ఎంతసేపు చూచినను ఆటకట్టు చూపదు. ఎవరిని నమ్మవలెను?" అని యడిగెను. అప్పటికప్పుడు ఉత్తరము చెప్పలేకపోతిమి. పిదప విచారించి తెలిసికొన్నదానిని ఇచట వ్రాయుచున్నాము.

ముందుగా లెక్కను చూడుడు. తప్పించుకొనరాని ఆటకట్టు అనగా, తెల్లపక్షమునకు ప్రతిసారి ఒక్క మంచి యెత్తున్న చాలును. నల్లపక్షము వేయగల ప్రతి యెత్తునకును జవాబుండి తీరవలెను. ఒక్కదానికి లేకున్నను సమస్య చెడినట్లే. ఒక్కొక్క పర్యాయమునకు ముప్పది యెత్తులు సాధ్యమనుకొందము. రెండెత్తుల సమస్యకు 27,000 వరుసలగును, మూడెత్తులకు 2,43,00,000, అయిదెత్తులకు 19,68,300 కోట్లు! 1951లో మాంచెస్టరునందు డీట్రిచ్ ప్రిన్జ్ అను నాయన కంప్యూటరుచే రెండెత్తుల సమస్యను సాధింపజేసినప్పుడు దానికే పావుగంట పట్టెను.

అందుచేత ఆడుటకై చేయబడిన స్టాక్‌ఫిష్ వంటి ప్రోగ్రాములు పనికిరావని తోచిన యెత్తులను పైపైన చూచి విడిచివేయును. మన మిర్చియార్డులో కొనుగోలుదారు బస్తానుండి పిడికెడు కాయలు తీసి ధర చెప్పును గదా! బేరమునకు అది చాలును. బస్తాలో తాలుకాయ ఒక్కటియు లేదని ప్రమాణము చేయవలెనన్న మాత్రము అంతయు కుమ్మరించి ఏరవలసినదే. అట్లు ఏరునవి వేరుగా కలవు. పొపాయ్ అనునది సమస్యలకొరకే చేయబడినది. కావున ఆడు ప్రోగ్రాము ఆటకట్టును చూపినచో నమ్మవచ్చును. అంతకంటె పొట్టిది ఉండినను ఉండవచ్చును. అది చూపకుండుట మాత్రము లేదనుటకు రుజువు గాదు.

మా విద్యార్థి సమస్యను అట్టిదానికి ఇచ్చి, పని తగ్గునని, రాజునకు చెక్కు చెప్పు యెత్తులనే వెదకుమంటిమి. ఏమియు దొరకలేదు. తొందరపాటు మాదే. ఆ కట్టు తీసివేసి రాత్రంతయు నడపగా, తెల్లవారునప్పటికి జవాబు వచ్చెను: తెల్లరాజు ఒక గడి ప్రక్కకు జరుగుటయే మొదటి యెత్తు! పుస్తకము చెప్పినది నిజమే.

పావులు కొద్దిగా మిగిలినప్పుడు వేరొక మార్గము కలదు. ఆటకట్టైన స్థితులనుండి ఒక్కొక్క యెత్తు వెనుకకు నడచుచు పట్టికలు వ్రాయుదురు. రాజులతో కలిపి ఏడు పావుల పట్టికలు 2012లో మాస్కో లొమొనోసోవ్ విశ్వవిద్యాలయమున సిద్ధమైనవి. మంత్రియు బంటును ఒక ప్రక్క, ఏనుగు, శకటు, గుర్రము మరియొక ప్రక్క నుండగా, 549 ఎత్తులకు గాని ఆటకట్టు కాని స్థితి ఒకటి కలదని తేలినది. యాబది యెత్తులవరకు బంటు కదలక, పావు పోక యున్నచో ఆట సమమని కోరవచ్చునను నియమము పోటీలలో నున్నది గనుక, ఆ గెలుపు పట్టికలోనే గెలుపు.