ఇంట గెలిచిన ప్రోగ్రాము రచ్చ గెలుచునా?

మన సైనిక్‌పురికి చేరువలో 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1970ల దశకంలో టి.డి.సి. వరుస కంప్యూటర్లను నిర్మించింది. ఆ పరిసరాలలోనే చదువుకొను మన విద్యార్థులు నేడు స్వయముగా ప్రోగ్రాములు వ్రాయుచున్నారు. అయితే "నా యంత్రంలో నడిచినది, మిత్రుని యంత్రంలో నడువలేదు" అను మాట తరచుగా వినవచ్చుచున్నది. దీనికి గల కారణములలో ఒకదానిని ఇచట పరిశీలింతము.

యూనిక్స్ వంటి వ్యవస్థలలో ప్రతి వాడుకరికి ఒక సొంత డైరెక్టరీ ఉండును. దాని చిరునామాను తెలుపు చరరాశికి 'హోమ్' అని పేరు. ఉర్దూలో ఘర్, తెలుగులో ఇల్లు. వాడుకరి అమరికలు, రహస్యపు తాళపుచెవులు, విడిగా చేర్చుకొన్న పైథాన్ లైబ్రరీలు అందే ఉండును. మూలరచన నుండి ప్యాకేజీని నిర్మించునపుడు ఆ లైబ్రరీ మనకు తెలియకనే వినియోగపడినచో నిర్మాణము సాఫీగా సాగును. ఆ లైబ్రరీ లేని మరొక ఇంట అదే పని విఫలమగును.

అందువలననే ఏకాంత నిర్మాణ పద్ధతి ఏర్పడినది. 2003లో ఆరంభమైన నిక్స్ వ్యవస్థ నిర్మాణ సమయమున 'హోమ్'కు 'హోమ్‌లెస్-షెల్టర్' అను లేని చిరునామాను ఇచ్చును. గీక్స్ వ్యవస్థ కూడ ఈ మార్గమునే అనుసరించినది. డెబియన్‌లోని డెబ్‌హెల్పర్, తన 13వ అనుగుణ్యతా స్థాయి నుండి, క్రొత్తదియు ఖాళీదియు అగు ఇంటిని కల్పించును.

ఇల్లే లేకున్న దొంగచాటు ఆధారము వెంటనే బయటపడును. కాని నిర్దోషులకును చిక్కు కలుగును. ఉదాహరణకు, గో భాషా కంపైలరు తన తాత్కాలిక ఫలితములను దాచుకొనుటకు చోటు వెదకును. ఎచటను చోటు దొరకనిచో ఆగిపోవును. అపుడు ఏకాంతమును తొలగించుట తగదు. నిర్మాణ సూత్రములోనే ఒక తాత్కాలిక డైరెక్టరీని సృష్టించి, దానిని 'హోమ్'గా చూపుట సరియైన ఉపాయము.

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయము కాదు. ఒకే మూలము నుండి ఇరువురు వేర్వేరుగా నిర్మించిన ప్యాకేజీలు అక్షరాలా ఒకటే అయినపుడు, చూపిన మూలము నుండియే ప్యాకేజీ పుట్టినదని లోకమునకు నమ్మకము కలుగును. ఒకరి ఇంటి సామాను అందు కలిసినచో ఆ పరీక్షకు విలువ లేదు.

కావున విద్యార్థి మిత్రులారా! మీ ప్రాజెక్టును సమర్పించుటకు ముందు ఖాళీ ఇంట ఒక్కసారి నిర్మించి చూడుడు. లోపించినదేదో తెలిసికొని నిర్మాణ సూత్రమున చేర్చుడు. కళాశాల ప్రయోగశాలలో మూల్యాంకనము కూడ ఇట్లే జరిగిన మేలు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు; ప్రోగ్రాము మాత్రము ఇల్లు లేకయే గెలువవలెను.