పేర్లు ఐదు, సర్క్యూట్లు మూడు: ఏ 5150 తీసుకోవాలి?

ప్రశ్న: మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో ఉద్యోగం. కొండాపూర్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాం. శని, ఆదివారాల్లో నలుగురం కలిసి అద్దె జామ్ రూమ్‌లో మెటల్ వాయిస్తాం. మన హైదరాబాద్ బృందం గాడ్‌లెస్ 2021లో తెచ్చిన ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’లో వినిపించేలాంటి బరువైన గిటార్ సౌండ్ కావాలని ఆశ. డల్లాస్‌లో ఉన్న మా బావగారు దసరాకు వస్తూ ఒక పాత పీవీ 5150 హెడ్ తెస్తానంటున్నారు. తొలినాళ్ల ‘బ్లాక్ లెటర్’ అయితేనే అసలు టోన్ అని మా బృందంలో ఒకరు, 6505 చాలని ఇంకొకరు, ఈవీహెచ్ 5150 త్రీ తప్ప వేరేది వద్దని మూడో అతను. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ముగ్గురూ మూడు ఆంప్‌ల గురించి వాదించుకుంటున్నామనుకుంటున్నారు. నిజానికి మొదటి ఇద్దరి మధ్య గొడవంతా ఒకే ఆంప్ మీద. పీవీ కంపెనీ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్‌తో కలిసి 1992లో 5150 తెచ్చింది. 120 వాట్లు, పవర్ విభాగంలో నాలుగు 6ఎల్6 ట్యూబులు, వాటికి ముందు ఐదు 12ఏఎక్స్7లు. 1999లో వచ్చిన 5150 టూలో 12ఏఎక్స్7లు ఆరయ్యాయి. మొదటి దాంట్లో రెండు చానెళ్లూ ఒకే ఈక్యూను పంచుకునేవి, ఇందులో ఈక్యూ, ప్రెజెన్స్, రెజొనెన్స్ నాబ్‌లు దేనికవి వేరయ్యాయి. 2004లో ఎడ్డీ పీవీని వదిలి వెళ్లినప్పుడు పేరు ఆయన వెంట పోయింది, సర్క్యూట్ మాత్రం పీవీ దగ్గరే ఉండిపోయింది. కంపెనీ పుట్టిన 1965నూ, దానికి నలభై ఏళ్లు నిండిన 2005నూ కలిపి 6505 అని కొత్త పేరు పెట్టారు. అలా 5150 కాస్తా 6505 అయింది, 5150 టూ 6505 ప్లస్ అయింది. ఫెండర్ అండతో ఎడ్డీ సొంత బ్రాండు ఈవీహెచ్ పేరు మీద 2007లో వచ్చిన 5150 త్రీ మాత్రం కొత్తగా గీసిన సర్క్యూట్: 100 వాట్లు, మూడు చానెళ్లు, ఎనిమిది 12ఏఎక్స్7లు. ఇలా చూస్తే పేర్లు ఐదైనా సర్క్యూట్లు మూడే.

ఇక బ్లాక్ లెటర్ సంగతి. తొలి హెడ్‌ల ముందు పలక మీద అక్షరాలు దిమ్మల్లా ఉండేవి, తర్వాత అవి సంతకం తీరుకు మారాయి. అక్షరాలు మారినంత మాత్రాన లోపలి డిజైన్ మారిపోలేదు. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి వాయిస్తే తేడా వినిపించిందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, ఆ తేడాకు చూపించే కారణమే సరైంది కాదు. 5150లో పవర్ ట్యూబుల బయాస్‌ను ఫ్యాక్టరీలోనే స్థిరంగా పెట్టేశారు, తిప్పి సర్దుకునేందుకు లోపల కంట్రోల్ ఇవ్వలేదు. కాబట్టి ఏ సెట్టు 6ఎల్6లు గుచ్చితే దాన్నిబట్టి ఆంప్ చల్లగానో వేడిగానో నడుస్తుంది. నాబ్ వెనక ఉండే మామూలు పొటెన్షియోమీటర్ విలువ 20 శాతం అటూఇటూ ఉన్నా తయారీలో ఒప్పుకుంటారు. అందువల్ల రెండు హెడ్‌ల మీద గెయిన్ నాబ్ 5 దగ్గరే ఉన్నా లోపల గెయిన్ ఒకటే అని చెప్పలేం. వీటికి తోడు, 1992 నాటి ఆంప్‌లోని ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ముప్పై ఏళ్లు దాటినవి. వాటిని మార్చారా లేదా అన్నది సౌండ్‌ను ముందు పలక కన్నా ఎక్కువగా శాసిస్తుంది. ఒకే వెర్షన్‌కు చెందిన రెండు హెడ్‌ల మధ్యే ఇంత చెదురు ఉన్నప్పుడు, ఒక బ్లాక్ లెటర్‌నూ ఒక 6505నూ తెచ్చి వాయించి ‘ఈ వెర్షన్ మేలు’ అని తీర్పు చెప్పడం కుదరదు. మనం పోల్చింది రెండు పెట్టెల్ని, రెండు వెర్షన్లను కాదు.

వీడియోల్లో చేసే పోలికల్లో ఇంకో పెద్ద చిక్కు ఉంది. ఒకే సౌండ్‌ను రెండుసార్లు వినిపించి, రెండోసారి ఒక్క డెసిబెల్ పెంచితే చాలు, చెవి దాన్ని పెద్దదిగా గుర్తించదు, ‘బాగుంది’ అని గుర్తిస్తుంది. హై గెయిన్ ఆంప్‌లో వాల్యూమ్ నాబ్ కాస్త కదిలినా అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. జామ్ రూమ్‌లో మీరే పోల్చి చూడదలిస్తే ఒకే క్యాబినెట్ వాడండి. ఫోన్‌లోని సౌండ్ మీటర్‌తో రెండు హెడ్‌లనూ సమానం చేయండి. నాబ్‌లను అంకెలు చూసి కాకుండా చెవితో సర్దండి. ఏ హెడ్ మోగుతోందో వాయించేవారికి తెలియనివ్వకండి. ఇంత చేశాక కూడా నిలబడే తేడా ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోండి. మొదటి 5150కీ 5150 త్రీకీ మధ్య అలాంటి తేడా తప్పక నిలబడుతుంది, ఎందుకంటే అక్కడ సర్క్యూటే వేరు. 5150కీ 6505కీ మధ్య నిలబడుతుందని మాత్రం నేను పందెం కాయను.

ఇప్పుడు మీ పదకొండో అంతస్తుకు వద్దాం. మెటల్ గిటార్‌కు విరివిగా వాడే సెలెస్షన్ వింటేజ్ 30 స్పీకర్ ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో దాదాపు 100 డెసిబెల్స్ పలుకుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి పది దాటితే 45 డెసిబెల్స్. గోడలు కొంత ఆపుతాయి కాబట్టి మీ గదిలో 75 డెసిబెల్స్ దగ్గర వాయిస్తారనుకుందాం. అది వాటు స్థాయికి 25 డెసిబెల్స్ కింద, అంటే సుమారు మూడు మిల్లీవాట్లు. 120 వాట్ల ఆంప్ కొని మూడు మిల్లీవాట్ల దగ్గర వాడుతున్నారన్నమాట! ఆ స్థాయిలో పవర్ ట్యూబులు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఒత్తిడికి లోనై రంగు మార్చే ప్రసక్తే లేదు. పైగా తక్కువ వాల్యూమ్‌లో వింటున్నప్పుడు మన చెవి కింది స్వరాలనూ పై స్వరాలనూ తగ్గించి వింటుంది. శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. 5150కి పేరు తెచ్చిన ఆ ఛాతీకి తగిలే బేస్, ఇంట్లో ఏ వెర్షన్‌లోనూ మీకు అందదు.

‘మరి రికార్డుల్లో వినిపించే సౌండో?’ అని మీ బ్లాక్ లెటర్ మిత్రుడు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ రికార్డులో మీరు వినేది ఆంప్ ఒక్కదాన్నే కాదు. ఒకే రిఫ్‌ను రెండుసార్లు వాయించి కుడి ఎడమలకు పరుస్తారు. గిటార్‌లో కింది బురదను కోసేసి ఆ చోటును బేస్ గిటార్‌కు వదులుతారు. మైకును స్పీకర్ కోన్ మధ్య నుంచి రెండు వేళ్లు పక్కకు జరిపితే వచ్చే మార్పు, 5150 తీసి 6505 పెడితే వచ్చే మార్పు కన్నా చాలా పెద్దది. ఈ ఆంప్‌తో మెటల్ రికార్డు చేసేవారిలో చాలామంది ముందు ఒక ట్యూబ్ స్క్రీమర్ పెడల్ పెట్టి, దాని డ్రైవ్ దాదాపు సున్నాకు దించి, లెవెల్ పెంచి వాడతారు. అది ప్రీఆంప్‌లోకి వెళ్లకముందే బేస్‌ను కత్తిరిస్తుంది కాబట్టి పామ్ మ్యూట్లు ముద్దకట్టకుండా పలుకుతాయి. బిగువైన మెటల్ సౌండ్ అని మనం మెచ్చుకునే దాంట్లో గణనీయమైన వాటా ఈ చిన్న పెట్టెది. దాన్ని ఏ వెర్షన్ ముందైనా పెట్టుకోవచ్చు.

కనుక టోన్ పురాణాన్ని పక్కన పెట్టి, ఆంప్ మారితే నిజంగా మారేవాటిని చూసి ఎంచుకోండి. వాటిలో మొదటిది కరెంటు. అమెరికాలో అమ్మిన 5150 హెడ్ 120 వోల్టులది, మన ఇళ్లలో 230. మంచి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆంప్ వెనక రాసి ఉన్న వాట్ల కన్నా అది బాగా ఎక్కువ మోయగలగాలి. దాంతోనూ పూర్తికాదు. వాళ్లది 60 హెర్ట్జ్, మనది 50. కేవలం 60కే గీసిన ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఇక్కడ దాని కోర్‌లో ఫ్లక్స్ 20 శాతం పెరిగి, కాగిపోతుంది. ముప్పై ఏళ్ల ఆంప్‌కు, అందులోనూ హైదరాబాద్ వేసవిలో, ఈ పరీక్ష పెట్టడం నాకిష్టం లేదు. బావగారి మంచి మనసుకు కృతజ్ఞతలు చెప్పి, ఆ బరువు మోయొద్దనండి. రెండోది నాబ్‌లు. నాలుగు నిమిషాల పాటలో క్లీన్, క్రంచ్, లీడ్ మూడూ కావాలంటే, ఒకే ఈక్యూ ఉన్న మొదటి 5150 లేదా 6505తో ప్రతిసారీ ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. మొదటి నుంచి చివరిదాకా డిస్టార్షనే అయితే ఆ లోటు మీకు తెలియను కూడా తెలియదు.

నా సలహా 230 వోల్టుల ఈవీహెచ్ 5150 త్రీ, 50 వాట్ల హెడ్. ఇందులో మొదటి రెండు చానెళ్లకూ ఈక్యూ ఒకటే, అది చిన్న లోపం. మూడోదానికి విడిగా ఉంది. పీవీ 120 వాట్ల దాని కన్నా ఇది తగ్గేది నాలుగు డెసిబెల్స్ లోపే, డ్రమ్మర్ పక్కన కూడా చాలు. మిగిలిన డబ్బు వింటేజ్ 30లు ఉన్న రెండు స్పీకర్ల క్యాబినెట్ మీద పెట్టండి. చెవికి అందే మార్పు అక్కడ ఉంది.

ప్రశ్న: ట్యూబ్ ఆంప్‌ను గట్టిగా పెడితేనే ప్రాణం వస్తుందంటారు. అలాంటప్పుడు ఫ్లాట్‌లో ఉండేవాళ్లు 15, 20 వాట్ల చిన్న వెర్షన్లు కొనడం, లేదా లోడ్ బాక్స్ పెట్టి హెడ్‌ఫోన్స్‌లో వినడం మోసపోవడమే కదా?
– ఒక పాఠకురాలు, నల్లగండ్ల

జవాబు: ఆ మాట పుట్టింది వేరే ఆంప్‌ల దగ్గర. మాస్టర్ వాల్యూమ్ లేని పాత మార్షల్‌లో డిస్టార్షన్ పవర్ ట్యూబుల నుంచి రావాలి కాబట్టి గట్టిగా పెట్టక తప్పదు. 5150 వంశంలో ఒకదాని వెనక ఒకటిగా పేర్చిన 12ఏఎక్స్7లే డిస్టార్షన్ పుట్టిస్తాయి, మాస్టర్ ఎంత తగ్గించినా అది పోదు. అపార్ట్‌మెంట్ మనిషికి ట్యూబ్ ఆంప్‌ల్లో ఈ జాతే ఎక్కువ అనుకూలం అనడానికి కారణం ఇదే. అయితే చిన్న వెర్షన్ పెద్దదానికి నకలు అనుకోకండి. పీవీ 6505 మినీ 20 వాట్లది, ఈవీహెచ్ 5150 త్రీ లంచ్‌బాక్స్ 15 వాట్లది. రెండింటిలోనూ పవర్ ట్యూబులు 6ఎల్6లు కావు, ఈఎల్84లు. బేస్ అంత వెడల్పుగా ఉండదు. పీవీ మినీలో 20 నుంచి 5కు, 1కి తగ్గించే స్విచ్ ఉంది. కానీ ఒక్క వాటు ఎంత గట్టిదో పై లెక్కలో చూశారు. 20 వాట్ల నుంచి ఒక వాటుకు దిగితే తగ్గేది 13 డెసిబెల్స్ మాత్రమే, చెవికి సగానికి కాస్త కిందికి. రాత్రి వాయించాలంటే ఆ స్విచ్ సరిపోదు, స్పీకర్ బదులు ఆంప్ శక్తిని పీల్చుకునే లోడ్ బాక్సే దారి. రియాక్టివ్ లోడ్ ఉన్నది తీసుకోండి, ఎందుకంటే అసలు స్పీకర్ లాగే అది కింద, పైన ఇంపీడెన్స్ పెంచుతుంది. రెజొనెన్స్, ప్రెజెన్స్ నాబ్‌లు దాన్ని ఆధారం చేసుకునే పనిచేస్తాయి. దాని తర్వాత క్యాబినెట్ సౌండ్‌ను అనుకరించే మంచి ఐఆర్ ఫైలు వేసుకుంటే హెడ్‌ఫోన్స్‌లో వినిపించేది, పక్కింటివాళ్లకు భయపడి గుసగుసగా మోగించే స్పీకర్ కన్నా రికార్డుకు చాలా దగ్గరగా ఉంటుంది.

జామ్ రూమ్‌కు ఎప్పుడూ వెళ్లనివారైతే ట్యూబ్ ఆంపే అక్కర్లేదు. ఆడియో ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్‌లో ఒక మోడెలింగ్ ప్లగిన్ చాలు. ఇంటి వాల్యూమ్‌లో ట్యూబ్ ఆంప్‌కూ దానికీ ఉన్న తేడాను చెవి పట్టుకోవడం కష్టం. ట్యూబ్ ఆంప్ కొంటే మాత్రం ఒకటి పాటించండి. స్పీకర్ గానీ లోడ్ బాక్స్ గానీ తగిలించకుండా ఆంప్‌ను స్టాండ్‌బై నుంచి ప్లేకు మార్చకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ట్యూబులు మార్చే పని ఉన్నా ఛాసిస్ మీరే విప్పొద్దు. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి, ఆ పని తెలిసిన టెక్నీషియన్‌కే అప్పగించండి.