ఒక్క చిరునామా కోసం అన్ని పేజీలూ దిద్దాలా?

ప్రశ్న: నిర్మల్ కొయ్యబొమ్మల వెబ్‌సైట్ నడుపుతున్నాను. ప్రతి పేజీ అడుగునా ఇంకా 'ఆదిలాబాద్ జిల్లా' అనే ఉంది. అన్నీ విడివిడిగా దిద్దాలా?
– ఒక పాఠకుడు, నిర్మల్

జవాబు: అక్కర్లేదండి. 2016 అక్టోబరు 11న నిర్మల్ వేరే జిల్లా అయ్యాక పాతబడ్డ చిరునామా మీదొక్కటేనా! ఆ అడుగు భాగాన్ని విడి ఫైలుగా రాసుకుని, పేజీల్లో దాని చోట 'ఇన్‌క్లూడ్ వర్చువల్' ఆదేశం పెట్టండి. పేజీ పంపే ముందు సర్వరే ఆ ముక్కను అతికిస్తుంది. సర్వర్ అపాచీ అయితే 'ఇన్‌క్లూడ్స్‌నోఎగ్జెక్' ఆప్షన్ ఆన్ చేయించండి, ప్రోగ్రాములు నడిపే ఆదేశం మూసే ఉంటుంది. పేజీ ఫైలు పేరు చివర సాధారణంగా ఎస్‌హెచ్‌టీఎంఎల్ ఉండాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడ: ఇన్‌క్లూడ్ ఆదేశంలో మొదటి అడ్డగీతలకూ హ్యాష్ గుర్తుకూ మధ్య ఖాళీ వదిలితే సర్వర్ దాన్ని ఉత్త కామెంట్ అనుకుంటుంది. ఇంట్లో ఫైలును నేరుగా బ్రౌజర్‌లో తెరిచి చూసి కంగారు పడకండి, అక్కడ అతికించే సర్వర్ లేదు.