అరికాలి నల్లమచ్చ - ఒక వైద్యుని స్వానుభవము

మన శరీరములో మనకు మనము సరిగా చూచుకొనలేని భాగములు రెండున్నవి. ఒకటి వీపు, రెండవది అరికాలు. వీపు సంగతి అటుంచి ఈ వ్యాసంలో అరికాలిని గురించి వ్రాయదలచాను. అరికాలిలో పుట్టిన ఒక నల్లమచ్చ కారణంగా పది సంవత్సరములుగా నేను వైద్యునిగానే గాక రోగిగా కూడా జీవిస్తున్నాను. ఆ మచ్చ పేరు మెలనోమా. చర్మానికి రంగునిచ్చే కణములలో పుట్టే క్యాన్సరు అది.

మా కోనసీమలో వరిచేలలోను, కొబ్బరితోటలలోను, లంకభూములలోను పనిచేసేవారు నేటికీ చాలామంది ఉత్తకాళ్ళతోనే దిగుతారు. బురదలో చెప్పు నిలువదు. చెట్టెక్కే దింపు కార్మికునికి చెప్పు అడ్డము. అందువల్ల ముల్లు గుచ్చుకొనడం, పెంకు కోసుకొనడం, అరికాలిలో ఆనెలు కట్టడం ఇక్కడ ఇంటింటి సంగతి. సుశ్రుతాచార్యులు నిదానస్థానము పదమూడవ అధ్యాయంలో క్షుద్రరోగములను వర్ణిస్తూ, రాళ్ళ ఒత్తిడివల్ల గాని ముండ్లవల్ల గాని పాదంలో మేకువలె గట్టిపడే దానిని కదరమన్నారు. అదే మన ఆనె. ఆ అధ్యాయంలోనే నువ్వుగింజ ప్రమాణంలో, నొప్పి లేక, చర్మంతో సమానంగా ఉండే నల్లమచ్చను తిలకాలకమనీ, మినపగింజవలె ఉబికి ఉండేదానిని మషకమనీ పేర్కొన్నారు. వీటివల్ల ప్రాణభయము లేదు. గురువుగారి ఇంట తొమ్మిదేళ్ళు ఉండి ఈ పాఠమును వల్లెవేసినవాడను గనుకనే నేను పొరబడ్డాను.

2014 సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక రాత్రి నా కాళ్ళకు నూనె రాస్తూ నా భార్య, "ఏమండీ, మడమ మీద ఈ నలుపు ఇంతకు ముందు లేదే" అన్నది. చేతితో తడిమి చూచి, ఆనె అన్నాను. శాస్త్రంలో కదరానికి చెప్పిన విధంగా పైపొర చెక్కించి, కాగిన తైలంతో దహనం చేయించుకొన్నాను. పుండు మానింది. రెండు నెలలకు దాని అంచున మళ్ళీ నలుపు తేలింది. మళ్ళీ కాల్పించుకొన్నాను, జాత్యాది తైలం పట్టించాను. ఈ విధంగా పదకొండు నెలలు గడిచాయి. చివరకు గజ్జలో బిళ్ళ కట్టింది. కాలికి పుండు ఉంటే గజ్జలో బిళ్ళ కట్టడం సహజమే గదా అని దానినీ సరిపెట్టుకొన్నాను. కాకినాడలో ఇంగ్లీషు వైద్యం చదివిన నా మేనల్లుడు పండుగకు వచ్చి, కాలు తన ఒడిలో పెట్టుకొని చూచి, "మామయ్యా, ఇది ఆనె కాదు. ముక్క తీసి పరీక్షకు పంపవలసిందే" అన్నాడు. కత్తి తగిలితే పాకుతుందేమోనని నేను సందేహించాను. పరీక్ష కోసం ముక్క తీయడంవల్ల ఈ వ్యాధి పాకదు. పాకనిచ్చినది నా పదకొండు నెలల జాప్యమే.

విచారింపదగిన విషయమేమనగా, ఈ హెచ్చరిక నా శాస్త్రంలోనే ఉన్నది. అర్బుద చికిత్సను చెబుతూ సుశ్రుతుడు దానిని శేషం లేకుండా తొలగించాలనీ, కొంచెం మిగిల్చినా ఆర్పగా మిగిలిన నిప్పువలె మళ్ళీ రాజుకొని రోగిని హరిస్తుందనీ చెప్పాడు. ఒకచోట పుట్టినది మళ్ళీ పుడితే అధ్యర్బుదమనీ, రెండవ అర్బుదము కూడా పుడితే ద్విరర్బుదమనీ పేరు పెట్టాడు. నేను చదివిన పుస్తకమే. నా మడమకు అది వర్తిస్తుందని తోచలేదు.

తెల్లని చర్మము గల దేశములలో ఈ వ్యాధికి ముఖ్యకారణం ఎండ. మనవంటి చామనచాయ, నలుపు చర్మము గలవారిలో ఈ వ్యాధి బహు అరుదు. అయితే వచ్చినప్పుడు ఎండ తగలని అరికాలు, అరచేయి, గోటి అడుగు, ఒక్కొక్కప్పుడు నోటిలోపలి పొర దీనికి స్థానములవుతాయి. జమైకా దేశపు గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవ్రేలి గోటిక్రింద ఉన్న దానిని మొదట బంతాట దెబ్బగా భావించారు. 1977లో మెలనోమా అని తేలింది. 1981 మే నెలలో, ముప్పది ఆరవ ఏట ఆయన మరణించాడు. అరికాలిలో బరువు ఎక్కువగా పడే చోటులందే ఇది తరచుగా కనబడుతున్నదని జపాను వైద్యులు 2016లో ప్రకటించారు. అంతమాత్రాన ముల్లు గుచ్చుకొంటే క్యాన్సరు వస్తుందని ఎవరూ భయపడనక్కరలేదు. ముల్లు గుచ్చుకొన్నదనుకొని క్యాన్సరును ఉపేక్షించడమే మన ప్రాంతపు ప్రమాదము.

గృహిణులు జ్ఞాపకం పెట్టుకొనవలసిన లక్షణములు కొన్ని చెబుతాను. పెద్దవారిలో క్రొత్తగా పుట్టి పెరుగుతున్న మచ్చ, ఒకవైపు ఒకవిధంగా రెండవవైపు మరొకవిధంగా ఉండే మచ్చ, అంచులు కాలువగట్టువలె వంకరలు తిరిగినది, ఒకే మచ్చలో నలుపు, గోధుమ, బూడిద రంగులు కలిసినది, ఆరు మిల్లీమీటర్లు దాటినది - ఇవి చూపించవలసినవి. గోటిలో నిలువుగా నల్లచార ఏర్పడి వెడల్పవుతూ, ఆ నలుపు గోటి మొదటి చర్మం మీదికి పాకితే అసలు ఆలస్యం చేయరాదు. అన్నీ నల్లగానే ఉండవు. ఎర్రగా, మాంసపు ముద్దవలె ఉండి నెలరోజులైనా మానని పుండు కూడా ఇదే కావచ్చును. ఆనెకు నొప్పి ఉంటుంది, దీనికి మొదట నొప్పి ఉండదు. నొప్పి లేదుగదా అని ఊరుకొనడమే దీనికి బలము.

ఇక్కడ నా తప్పు మరియొకటి ఒప్పుకొనవలెను. పులిపిర్లకు సున్నము, చాకలిసోడా కలిపి పెట్టే చిట్కాను, నల్లజీడి రసమును నేనే ఎందరికో చెప్పి ఉన్నాను. ఇప్పుడు చెప్పను. కాల్చిన తరువాత అది ఏమిటో తెలుసుకొనే మార్గము పోతుంది. నల్లమచ్చను పరీక్షకు ముందు కాల్చరాదు, గిల్లరాదు, దారము కట్టరాదు.

నాకు హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగింది. మచ్చ చుట్టూ రెండు సెంటీమీటర్ల ఆరోగ్యకరమైన చర్మంతో సహా తీసివేసి, తొడ చర్మమును తెచ్చి మడమకు అతికారు. గజ్జలోని గ్రంథులను తొలగించారు. అందులో ఒకదానిలో వ్యాధి ఉన్నది. ఈ వ్యాధిలో మచ్చ వెడల్పు కంటె లోతు ముఖ్యము. బ్రెస్లో అనే అమెరికా వైద్యుడు 1970లో ఆ కొలతను నిర్ణయించాడు. ఒక మిల్లీమీటరుకు లోపున్న దశలో తీసివేస్తే చాలామంది పూర్తిగా బయటపడతారు. నాది మూడు మిల్లీమీటర్లు దాటింది. మొదటి ఉగాదినాడే కాల్చక చూపించి ఉంటే ఎంత ఉండేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఆయుర్వేద వైద్యుడు కత్తికి ఒప్పుకొన్నాడని కొందరు నన్ను నిష్ఠూరమాడారు. మా గోదావరికి ఆవలి ఒడ్డున, భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని వారికి జ్ఞాపకం చేశాను. సంగ్రహణి వ్యాధితో కృశించిన ఆయనను ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స నిలబెట్టింది. ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించాడు. తరువాత అమెరికా వెళ్ళి, పిల్లల రక్తక్యాన్సరుకు 1947-48లో మొదటిసారి వాడిన మందును తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించాడు. ఆ మందు నా వ్యాధికి పనికిరాదు. కాని ఆయనలో రెండు వైద్యములూ పోట్లాడుకోలేదు.

ఆసుపత్రిలో నా ప్రక్క మంచం మీద ఉన్నవాని మాట వినగానే మా సీమవాడని తెలిసింది. "ఏ ఊరు బాబూ?" అన్నాను. "ఆయ్, రాజోలు అవతల లంకండి. మీరూ పేషెంటేనాండి? వైద్యులుగారిలా ఉన్నారే" అన్నాడు. దింపు కార్మికుడు, నలభైయేళ్ళవాడు. ఎడమ అరికాలిలో నల్లపుండు. మూడు సంవత్సరములు పసరు కట్టుకొన్నాడు. ఆ పసరు ఎవరిచ్చారని నేను అడగలేదు. నావంటివాడే ఇచ్చి ఉంటాడు.

ఇద్దరమూ ఊళ్ళకు చేరిన తరువాత అతడు నెలకొకసారి అమలాపురం మా అరుగు మీదికి వచ్చేవాడు. క్రమంగా మరికొందరు చేరారు. మెలనోమా ఉన్నవారము ముగ్గురమే. మిగిలినవారు నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు కలవారు, వారి ఇంటివారు. నెలలో మొదటి ఆదివారము కూర్చుంటాము. మొదట చేసే పని ఒకరి పాదములు ఒకరు చూడడము. వ్రేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు, కాలి మచ్చ చుట్టూ చర్మము దీపం పెట్టి చూస్తాము. గజ్జలు, చంకలు ఎవరికి వారు తడిమి చూచుకొంటారు. ఇంటివద్ద భార్యాభర్తలు చేసుకొనవచ్చును. ఒంటరివారు అద్దమును నేలపై ఉంచి చూచుకొనవలెను. వైద్యుడు పిలిచిన తేదీకి వెళ్ళడం దీనికి అదనము, దీనివల్ల అది తప్పదు.

చరకుడు వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అని చికిత్సకు నాలుగు పాదములు చెప్పి, పరిచారకునికి ఉపచార జ్ఞానము, నేర్పు, ప్రేమ, శుచి ఉండాలన్నాడు. ప్రేమకు మన ఇళ్ళలో కొదువ లేదు. జ్ఞానమే తక్కువ. పరామర్శకు వచ్చి ఫలానావారు ఇదే రోగంతో పోయారని చెప్పేవారు, "ఎన్నాళ్ళన్నారు?" అని గుసగుసలాడేవారు, అంటుతుందేమోనని గ్లాసు వేరు చేసేవారు నాకు కొత్త కాదు. ఈ రోగము అంటదు. "ఏమీ కాదులే" అనడం కూడా మేలు చేయదు. ఆ మాటతో రోగి నోరు మూతబడుతుంది. చేయదగిన సహాయము చిన్నది. కాగితములు, పరీక్ష అద్దాలు ఒక సంచిలో వరుసగా ఉంచడము, వైద్యుని అడగవలసిన ప్రశ్నలు ముందే వ్రాసి పెట్టడము, రాత్రి బస్సులో తోడు వెళ్ళడము. హైదరాబాదులో ఎం.ఎన్.జె. సంస్థ, బసవతారకం ఆసుపత్రి, విశాఖలో టాటా వారి హోమీ భాభా ఆసుపత్రి ఉన్నవి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా ఉన్న పథకం క్రింద ఏ చికిత్స వస్తుందో ఆసుపత్రిలో చేరకముందే విచారించుకొనవలెను.

ఇంటి ఉపచారంలో రెండు సంగతులు. గజ్జ గ్రంథులు తీసినవారికి కాలు వాస్తుంది. మా ప్రాంతంలో దానిని బోదకాలుగా భావించి ఆ మందులు మ్రింగిస్తారు. అది వేరు, ఇది వేరు. పగలు వైద్యుడు చెప్పిన బిగువు మేజోడు, పడుకొన్నప్పుడు కాలిక్రింద దిండు, చర్మము పగలకుండా పలుచగా కొబ్బరినూనె, ఎక్కడికైనా చెప్పులు. వాచిన కాలిని బలంగా మర్దన చేయరాదు. కాలు ఎర్రబడి జ్వరం వస్తే ఆనాడే వైద్యుని చూడవలెను. పథ్యం పేరుతో వంకాయ, గోంగూర మొదలు పెరుగు వరకు మాన్పించి రోగిని ఎండగట్టడం రెండవ తప్పు. పప్పు, పెరుగు, పాలు, తినేవారికి గుడ్డు, చేప సమృద్ధిగా పెట్టండి.

శరీరపు రక్షణశక్తి చేతనే ఈ క్యాన్సరును ఎదిరింపజేసే మందులు 2011 నుండి వచ్చాయి. ఆ మార్గమును కనిపెట్టిన అలిసన్, హోంజో గారలకు 2018లో నోబెల్ బహుమతి లభించింది. పూర్వం వ్యాధి పాకితే ఏడాది గడవడం కష్టమయ్యేది, ఇప్పుడు ఏళ్ళ తరబడి జీవించేవారున్నారు. అరికాలి మెలనోమాలో వాటి గుణము కొంత తక్కువ, ఖర్చు లక్షలలో. ఈ మందులు కొందరిలో కాలేయానికి వాపు తెస్తాయి. అటువంటి సమయంలో రక్షణశక్తి పెరుగుతుందని తిప్పతీగ, భస్మములు రహస్యంగా వాడరాదు. కరోనా కాలంలో తిప్పతీగ వాడినవారిలో కాలేయము దెబ్బతిన్న సంఘటనలను ముంబయి వైద్యులు 2021లో ప్రకటించగా ఆయుష్ మంత్రిత్వశాఖ ఆక్షేపించింది. ఆ వాదములో ఎవరిది ఒప్పయినా, క్యాన్సరు వైద్యునికి చెప్పకుండా నా మందు వాడవద్దనే నా రోగులకు చెబుతున్నాను. నిద్రకు, మలబద్ధానికి, నోటి అరుచికి నేను ఇచ్చేవి కూడా కాగితం మీద వ్రాసి ఇస్తాను. ఆయనకు చూపించమంటాను.

ఆ దింపు కార్మికునికి 2017లో ఊపిరితిత్తులకు పాకింది. చివరి రెండు నెలలు నొప్పి ఎక్కువైంది. మార్ఫిను మాత్రకు ఇంటివారు జంకారు, అలవాటవుతుందని. క్యాన్సరు నొప్పికి వైద్యుని లెక్క ప్రకారం వాడితే ఆ భయము అక్కరలేదని నేను వెళ్ళి చెప్పాను. మాత్ర పడిన తరువాత అతడు నాలుగు రోజులకు మొదటిసారి లేచి కూర్చుని, మా తోటలో కాయ ఎప్పుడు దింపించారని అడిగాడు. నేను చెప్పగలిగిన మాట ఏమీ లేక కొబ్బరి ధర చెప్పాను. దానిమీద గంటసేపు మాట్లాడాడు. కార్తీకమాసంలో పోయాడు.

అతని భార్య ఇప్పటికీ మొదటి ఆదివారం వస్తుంది. మా అందరిలో కన్ను చురుకైనది ఆమెదే, పాదములు చూచే పని ఆమెకే అప్పగించాము. మొన్న నా కుడికాలి చిటికెనవ్రేలి సందున ఒక నల్లచుక్క చూచి చాలాసేపు వంగి ఉండిపోయింది. తడిగుడ్డతో తుడిచింది. సగము పోయింది, కొబ్బరిపీచు కర. తక్కిన సగము పోలేదు. "అది పాత పుట్టుమచ్చేనమ్మా" అన్నాను. "ఉంటే ఉందండి, బుధవారం కాకినాడ ఎల్లి చూపించుకోండి" అన్నది. టికెట్టు తీయించాను.